పాత ఫియట్‌కి వెనక బందులున్న ముందు డోర్లు: ప్రమాదమా? బందులు ముందుకి మార్పించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. తాతగారి 1956 ఫియట్ 1100 పన్నెండేళ్లుగా షెడ్డులో పడి ఉంది, ఇప్పుడు మీరు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటున్నారు. దాని ముందు డోర్లకి బందులు (డోర్ తిరిగే కీళ్లు) వెనకవైపు ఉన్నాయి, అంటే హ్యాండిల్ ముందు అద్దం వైపు ఉంటుంది, డోర్ వెనక్కి తెరుచుకుంటుంది. వీటిని 'సూసైడ్ డోర్లు' అంటారని మీ తమ్ముడు ఫోన్లో చదివి చెప్పేసరికి అమ్మగారు ఆ కారెక్కనంటున్నారు. మీ మెకానిక్ బందులు ముందుకి మార్చేస్తానంటున్నాడు. రోల్స్ రాయిస్‌కి కూడా ఇలాంటి డోర్లే కదా, అవి సేఫ్ అయినప్పుడు ఇవెందుకు కావు అని మీ సందేహం. ఆఖర్లో, మీ తమ్ముడు తన ఎస్‌యూవీకి వెనక డోర్లు రోల్స్ రాయిస్ లాగా చేయించుకోవచ్చా అని కూడా అడిగారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని మొదలుపెట్టి 34 ఏళ్లయింది. అందులో ఇరవై ఏళ్లుగా ఎక్కువగా పాత కార్ల బాడీ పనే చేస్తున్నాను. సూటిగా చెబుతాను.

బందులు మార్పించకండి. ఆ డబ్బు లాక్ మీద, స్ట్రైకర్ (లాక్ నాలుక వెళ్లి దిగే గూడు) మీద, బందుల పిన్నుల మీద, సీటు బెల్టుల మీద పెట్టండి. ఈ నాలుగూ అయ్యేదాకా కారుని వీధి చివరికి కూడా తీసుకెళ్లకండి. అయ్యాక ఆదివారం పూట నెమ్మదిగా తిప్పుకోవడానికి భయపడాల్సిన పనిలేదు. తమ్ముడి ఎస్‌యూవీ సంగతికి వస్తే, వద్దు. కారణం తర్వాత చెబుతాను.

ముందు ఆ పేరు ఎందుకొచ్చిందో చూద్దాం. అమ్మగారి భయం ఉత్తిదే అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఆవిడ భయంలో నిజముంది.

బందులు ముందువైపు ఉన్న మామూలు డోర్ కారు పోతుండగా లాక్ వదిలేసిందనుకోండి. ఎదురుగాలి దాన్ని మూసే వైపుకే నెడుతుంది. కొంచెం తెరుచుకుని టపటపా కొట్టుకుంటుంది, మీరు కంగారుపడతారు, పక్కకి తీసి ఆపి మళ్లీ వేసుకుంటారు. అంతటితో అయిపోతుంది. బందులు వెనకవైపు ఉన్న డోర్‌కి తెరుచుకునే అంచు ముందుంటుంది. ఆ అంచు వేలెడు సందు ఇచ్చిందంటే గాలి నేరుగా అందులోకి దూరుతుంది. తెడ్డుకి నీళ్లు తగిలినట్టు డోర్‌ని పట్టి లాగేస్తుంది. సుమారు చదరపు మీటరు ఉండే డోర్ గాలికి పూర్తిగా అడ్డంగా నిలబడితే గంటకు 40 కి.మీ. వేగంలో దాని మీద పడే బలం ఏడెనిమిది కిలోల బరువుకి సమానం. 80 దగ్గర అది ముప్పై కిలోలవుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది, లెక్క అదే. ముప్పై కిలోలంటే మనిషి రెండు చేతులతో ఎత్తగలిగే బరువే. కానీ కూర్చున్న చోటునుంచి, ఒంటిచేత్తో, అదీ ఒక్కసారిగా వచ్చిపడితే ఎవరూ ఆపలేరు.

అలాంటప్పుడు మనిషి సహజంగా చేసే పనే ప్రాణం మీదికి తెస్తుంది. డోర్ తెరుచుకోగానే చెయ్యి చాచి పట్టుకుంటాడు. డోర్ వదలదు, తను కూడా వదలడు, దానితోపాటు బయటికి వెళ్లిపోతాడు. ఆ రోజుల్లో సీటు బెల్టులు లేవు.

ఇది నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. పనిలో చేరిన మూడో ఏడు, 1990ల మొదట్లో, మీ కారులాంటి ఫియట్ ఒకటి మా మేస్త్రి షెడ్డుకి వచ్చింది. పెయింటింగ్ అయ్యాక ట్రయల్ వేద్దామని గన్నవరం రోడ్డుకి తీసుకెళ్లాం. మేస్త్రి నడుపుతున్నారు, నేను ఎడమవైపు ముందు సీట్లో ఉన్నాను. డోర్ వేసినప్పుడు 'టక్' అంది కానీ, లాక్ నాలుక స్ట్రైకర్ లోపలికి పూర్తిగా దిగలేదు, అంచు మీద ఆగింది. బయటనుంచి చూస్తే మూసుకున్నట్టే ఉంది. నిడమానూరు దాటాక ఒక గుంతలో చక్రం పడింది. యాభై దాకా పోతున్నామేమో, డోర్ ఠాప్‌మని విసురుగా వెనక్కి పోయింది. నా చెయ్యి లోపలి పట్టీ మీదే ఉంది. వదలాలని తోచేలోపే నడుం పైభాగం బయటికి వెళ్లిపోయింది. కింద తారు రోడ్డు కదిలిపోతూ కనపడటం ఇప్పటికీ గుర్తుంది. మేస్త్రి ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో నా ప్యాంటు బెల్టు పట్టి లోపలికి గుంజారు.

కారు ఆపి చూస్తే డోర్ పూర్తిగా తిరిగి వెనక డోర్ మీద పడుంది. రెండు డోర్ల హ్యాండిళ్లూ ఒకదాన్నొకటి కొట్టుకుని రేకు లోపలికి పోయింది. కింది బందు పిల్లర్ (పైకప్పుని మోసే నిలువు స్తంభం) రేకుతో సహా ఊడొచ్చింది. లాక్ విప్పి చూశాం. నాలుక కొస అరిగి గుండ్రంగా అయిపోయింది, లోపలి స్ప్రింగు మెత్తబడిపోయింది. పెయింటుకి అంత ఖర్చుపెట్టిన ఓనరుగారు దాన్ని మార్చమనలేదు, మేము కూడా అడగలేదు. ఆ రోజునుంచి మా షెడ్డుకి వచ్చిన ఏ పాత కారుకైనా లాకులు విప్పి చూడకుండా పెయింటు డబ్బా మూత తీయను.

అందుకే నేను చెప్పేది ఒకటే. లాక్ గట్టిగా ఉన్నంతసేపు బందులు ఎటున్నా ఒకటే. లాక్ వదిలినప్పుడు మాత్రం ముందు బందుల డోర్ మనకి ఒక అవకాశం ఇస్తుంది, వెనక బందుల డోర్ ఇవ్వదు. ఖర్చు ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టే తేల్చుకోవాలి.

రెండో ప్రమాదం ఆగి ఉన్నప్పుడు. మన దగ్గర డ్రైవరు కుడివైపు, ట్రాఫిక్ పోయేవైపు దిగుతాడు. వెనకనుంచి వచ్చే బండి మామూలు డోర్‌ని గుద్దితే డోర్ ముందుకి విరుచుకుపోతుంది, బందులు తెగి రోడ్డు మీద పడిపోతుంది. మనిషి చాలాసార్లు బతికిపోతాడు. వెనక బందుల డోర్‌ని గుద్దితే అది మూసుకునే వైపుకే పోతుంది. అప్పటికి మీ కాళ్లు ఆ సందులో ఉంటాయి. కాబట్టి కుడి డోర్ తీసేముందు అద్దంలో చూడటంతో సరిపెట్టుకోకండి, మెడ తిప్పి చూసి అప్పుడు దిగండి. ఈ కార్లో ఇంకొక మంచి అలవాటు చేసుకోవచ్చు. ఆ కాలపు ఫియట్‌కి ముందు సీటు బెంచీలా ఉంటుంది, గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది, మధ్యలో ఏమీ అడ్డుండదు. రద్దీ రోడ్డులో ఆపితే ఎడమవైపుకి జరిగి దిగండి. మా దగ్గర ఈ కార్లున్న పెద్దవాళ్లు కొందరు అలాగే చేస్తారు.

మూడోది ఎవరూ చెప్పరు కానీ నేను ఎక్కువగా చూసింది అదే: వేళ్లు. మీ కారు మధ్య పిల్లర్ని ఒకసారి గమనించండి. ముందు డోర్ బందులూ వెనక డోర్ బందులూ రెండూ ఆ ఒక్క పిల్లరుకే ఉంటాయి. వెనక సీట్లోనుంచి దిగే పెద్దవాళ్లు లేవడానికి సాయంగా ఆ పిల్లరునే పట్టుకుంటారు. అదే సమయంలో ముందు కూర్చున్నవాళ్లు తమ డోర్ వేస్తే వేళ్లు బందుల సందులో పడతాయి. బందు దగ్గర నొక్కుడు మామూలుగా ఉండదు, చిన్న తోపుకే ఎముక విరుగుతుంది. మా కస్టమరు ఒకాయన తల్లికి రెండు వేళ్లు అలాగే నలిగాయి. వెనకవాళ్లు దిగి చెయ్యి తీసేదాకా ముందు డోర్ ముట్టుకోకూడదని ఇంట్లో పిల్లలకి కూడా గట్టిగా చెప్పండి.

ఇన్ని ఇబ్బందులుంటే అసలు అలా ఎందుకు చేశారని అడుగుతారు. గుర్రపు బగ్గీల కాలంనుంచి వచ్చిన అలవాటు కొంత. వాటి డోర్లు చాలావరకు వెనక్కే తెరుచుకునేవి, అందుకే రోల్స్ రాయిస్ వాళ్లు వీటిని 'కోచ్ డోర్లు' అంటారు. అసలు కారణం మాత్రం పనికి సంబంధించినది. బందులు రెండూ ఒకే నిలువు గీత మీద, వీలైనంత ఎడంగా ఉంటేనే డోర్ వాలిపోకుండా నిలబడుతుంది. ఆ కాలపు కార్లకి ముందు పిల్లర్లు సన్నగా, వంకరగా ఉండేవి, దాని ముందే మడ్‌గార్డు వంపు ఉండేది. కారు మొత్తంలో తిన్నగా, దిట్టంగా దొరికేది మధ్య పిల్లరే. అందుకే రెండు డోర్లూ దానికే వేలాడదీశారు. దానికితోడు ఎక్కడం తేలిక. వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. చీర కట్టుకున్నవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది నిజంగా సుఖం. మీ నాన్నమ్మగారు ఆ కారెక్కడం చూసి ఉంటే మీకే తెలుస్తుంది.

తర్వాత తర్వాత కంపెనీలే ఈ పద్ధతి వదిలేశాయి. ఇటలీలో ఫియట్ 600కి 1964లో, చిన్న ఫియట్ 500కి 1965లో బందులు ముందుకి వచ్చాయి. ఫ్రాన్స్ వాళ్ల సిట్రోయెన్ 2సీవీకి కూడా 1964 చివర్లో మార్చారు. మన దగ్గర బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీవాళ్లు చేసిన 1100ల్లో మీలాంటి పాతవాటిని బొంబాయివాళ్లు 'డుక్కర్ ఫియట్' అనేవాళ్లు. 1964లో వచ్చిన 1100 డిలైట్‌కి, దాన్నుంచే వచ్చిన పద్మినికి నాలుగు డోర్లకీ బందులు ముందువైపే. మీ మెకానిక్ మనసులో బహుశా ఆ పద్మినే ఉంది. "పద్మినిలాగా మార్చేద్దాం" అనుకుంటూ ఉంటాడు.

అది ఎందుకు కుదరదో చెబుతాను. పద్మిని ముందు పిల్లరు బందుల బరువు మోయడానికి తయారైంది. లోపల మందం రేకుతో బలం పెట్టి ఉంటుంది. మీ కారు ముందు పిల్లరు పని స్ట్రైకర్ని పట్టుకోవడం మాత్రమే. దానికి బందులు వెల్డింగ్ చేస్తే మొదటి ఆరు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత రేకు అలసి బందు చుట్టూ సన్నగా చీలుతుంది, డోర్ వాలుతుంది, వాలిన డోర్‌కి లాక్ సరిగ్గా పడదు. అంటే బోలెడు డబ్బు పెట్టి మళ్లీ లాక్ పడని డోర్ దగ్గరికే వస్తారు. డోర్ లోపల కూడా అంతే. బలం పెట్టిన కొస ఒకటి, లాక్ కూర్చునే కొస ఇంకొకటి. వాటిని అటూ ఇటూ చేయాలంటే డోర్ మొత్తం కొత్తగా కట్టాలి. అదీకాక ఇలాంటి కార్లకి కింద వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్. పిల్లరు కోయడమంటే వెన్నుపూస కోయడమే.

కాగితాల సంగతి కూడా ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటిన బండిని ఆ కింద నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకి ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. షరతు ఏంటంటే బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. పిల్లర్లు కోసి డోర్లు తిప్పిన కారుని ఆ లెక్కలోకి తెమ్మంటే ఎవరు సంతకం పెడతారు? పాత కార్ల మీద ప్రేమ ఉన్నవాడెవడూ అలాంటి కారుని కొనడు కూడా. తాతగారి కారు విలువంతా ఆ డోర్లలోనే ఉందండి.

ఇక చేయాల్సిన పని. ఇది మీరు మెకానిక్ పక్కన నిలబడి చేయించండి.

మొదట బందులు. డోర్ అడుగు మేర తెరిచి, హ్యాండిల్ ఉన్న కొసని రెండు చేతులతో పైకి ఎత్తండి. బందు దగ్గర ఎవరినైనా వేలు పెట్టి చూడమనండి. డోర్ లేచినా బందు కదలకపోతే బాగున్నట్టు. 'కటుక్'మని ఆడితే పిన్నూ బుష్షూ అరిగాయి. బందు మొత్తం మార్చక్కర్లేదు, లేత్ దగ్గర ఓవర్‌సైజ్ పిన్ను తీయించి కొత్త ఇత్తడి బుష్షులు వేయిస్తే సరిపోతుంది. అదే పిల్లరు రేకు బందుతోపాటు కదులుతుంటే లోపల తుప్పు పట్టిందని అర్థం. అప్పుడు ముందు రేకు పని చేయించాలి, మిగతావన్నీ తర్వాతే.

తర్వాత లాక్. విప్పించి చేతిలోకి తీసుకుని చూడండి. నాలుక అంచు పదునుగా ఉండాలి, గుండ్రంగా అరిగి మెరుస్తుంటే అది పనికిరాదు. వేలితో నొక్కి వదిలితే వెంటనే బయటికి తన్నాలి. స్ప్రింగులు కొత్తవి వేయించండి, ఖర్చు చాలా తక్కువ. స్ట్రైకర్‌కి కొంచెం గ్రీజు రాసి డోర్ నెమ్మదిగా వేసి తీయండి. నాలుక ఎంత లోతు దిగిందో గ్రీజు గీత చూపిస్తుంది. పూర్తిగా దిగకపోతే స్ట్రైకర్ బోల్టులు వదులు చేసి జరపాలి. చాలామంది ఇక్కడ కొత్త రబ్బరు బీడింగు మందంగా వేయించి పొరపాటు చేస్తారు. రబ్బరు డోర్‌ని బయటికి తోస్తుంది, నాలుక అంచు మీదే ఆగిపోతుంది. గన్నవరం రోడ్డులో లాక్ అరిగిపోవడం వల్ల నాలుక అలాగే అంచు మీద ఆగింది. రబ్బరు మెత్తది, లోపల బోలుగా ఉన్నది వేయించండి.

ఈ కాలపు కారుకి లాక్ రెండు మెట్లుగా పడుతుంది. డోర్ సరిగ్గా వేయకపోయినా మొదటి మెట్టు మీద ఆగుతుంది, ఊడిపోదు. ఇప్పటి అంతర్జాతీయ నిబంధనల్లో, అమెరికా వాళ్ల కార్ల భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 206లో, పక్క డోర్ పూర్తిగా లాక్ పడ్డప్పుడు పొడవు దిశలో 11,000 న్యూటన్ల లాగుడుకి, అంటే దాదాపు 1,100 కిలోలకి, అడ్డంగా 9,000 న్యూటన్లకి ఊడకూడదు. మొదటి మెట్టు మీద ఆగినా 4,500 న్యూటన్లు తట్టుకోవాలి. పాత లాకుకి ఆ బలం రాదు, ఎంత బాగుచేసినా రాదు. అందుకే నేను ఇలాంటి కార్లకి రెండు చేర్పులు చేస్తాను. డోర్ లోపలివైపు, కనపడకుండా, చేత్తో తిప్పి వేసే చిన్న ఇనప గడియ ఒకటి పెడతాను. కారు కదిలేముందు అది వేస్తారు. రెండోది డోర్ అంచు దగ్గర ఒక స్విచ్చు, డాష్‌బోర్డు కింద ఎర్ర లైటు, ఒక బజరు. డోర్ పూర్తిగా పడకపోతే లైటు వెలుగుతూనే ఉంటుంది. ఈ రెండూ నాలుగు స్క్రూలు విప్పితే వచ్చేసేవే, కారు అసలు రూపానికి ఏమీ కాదు. గడియ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ప్రమాదం జరిగితే బయటివాళ్లు డోర్ తీయలేకపోవచ్చు. కాబట్టి లోపలినుంచి ఒక్క తిప్పుతో వచ్చేటట్టు ఉండాలి, తాళం చెవితో తిప్పేది పెట్టకూడదు.

బెల్టులు తప్పనిసరి. కనీసం నడుముకి కట్టేవి. ఫ్లోరు రేకుకి ఊరికే బోల్టు వేస్తే గుద్దినప్పుడు రేకు చించుకుని వచ్చేస్తుంది. కింద అరచెయ్యంత మందపాటి ప్లేటు పెట్టి బిగించాలి. బెల్టు కట్టుకుని ఉంటే, డోర్ తెరుచుకున్నా మనిషి సీట్లోనే ఉంటాడు. ఆరోజు నాకు బెల్టు ఉంటే నేను తారు రోడ్డు అంత దగ్గరనుంచి చూసేవాణ్ని కాదు.

ఇంకో మాట. ఒకవేళ పోతుండగా డోర్ తెరుచుకుంటే పట్టుకోవద్దు, వదిలేయండి. డోర్ పోతే పోయింది. నెమ్మదిగా బ్రేకు వేసి పక్కకి ఆపండి. ముందు సీట్లో కూర్చునే ప్రతివాళ్లకీ ఇది చెప్పే బయల్దేరండి. వేగం నేనైతే యాభై దాటనివ్వను, ఆ కారు బ్రేకులకి కూడా అదే మంచిది.

ఇప్పుడు రోల్స్ రాయిస్ సంగతి. 2003 ఫాంటమ్ నుంచి వాళ్ల నాలుగు డోర్ల కార్లన్నింటికీ వెనక డోర్లకి మాత్రమే బందులు వెనకున్నాయి. ముందు డోర్లు మామూలువే. డ్రైవరు డోర్ వెనక్కి తెరుచుకునే మీ కారుతో దానికి పోలిక సగమే. వ్రెయిత్, స్పెక్టర్ లాంటి రెండు డోర్ల కార్లే మీ ఫియట్‌కి దగ్గర. అయితే వాటిల్లో డోర్ మూయడానికి మోటారుంటుంది, కారు పోతుండగా తెరుచుకోకుండా ఎలక్ట్రానిక్ లాక్ ఉంటుంది. ఫాంటమ్‌కి మధ్య పిల్లరు కూడా అలాగే ఉంది, పక్కనుంచి గుద్దితే దెబ్బ తీసుకోవడానికి.

నిబంధనలు కూడా ఇదే అడుగుతాయి. విడిగా తెరుచుకోగలిగిన వెనక బందుల పక్క డోర్ ఉంటే, కారు గంటకు 4 కి.మీ. లేదా అంతకు మించిన వేగంలో పోతున్నప్పుడు లోపలి హ్యాండిల్ పనిచేయకూడదు, డోర్ సరిగ్గా పడకపోతే హెచ్చరిక రావాలి. 2010లో యూరప్‌లో వచ్చిన ఒపెల్ మెరివా మామూలు కుటుంబాల కారు. దానికి వెనక డోర్లు ఇలాగే పెట్టి, కదలగానే తమంతట తామే లాక్ అయ్యేలా చేశారు. పిల్లల్ని కారు సీట్లో కూర్చోబెట్టే తల్లులకి అది బాగా పనికొచ్చింది. లండన్ టాక్సీ కూడా అంతే. పాత ఎఫ్‌ఎక్స్4కి వెనక డోర్లు అలాగే ఉండేవి, 2017లో వచ్చిన కొత్త కరెంటు టాక్సీకి మళ్లీ అలాగే పెట్టారు, 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకి, ముసలివాళ్లకి అంత వెడల్పు దారి కావాలి మరి.

1961 లింకన్ కాంటినెంటల్ కథ నాకు చాలా ఇష్టం. నమూనా కారులో వెనక సీటునుంచి దిగుతుంటే ఇంజినీర్ల కాళ్లు డోర్‌కి తగిలేవి. కారు పొడవు పెంచకుండా దారి వెడల్పు చేయాలి, అందుకని బందులు వెనక్కి తిప్పారు. ఆ కాలంలోనే, డోర్ సరిగ్గా పడకపోతే డాష్‌బోర్డులో లైటు వెలిగేలా చేశారు. నేను మీ ఫియట్‌కి పెట్టమంటున్న ఎర్ర లైటు అలాంటిదే.

మధ్య పిల్లరు అసలే లేని రకం ఇంకొకటుంది. మాజ్దా ఆర్‌ఎక్స్-8, బీఎండబ్ల్యూ ఐ3 ఇలాంటివి. వీటిల్లో ముందు డోర్ తీస్తేగానీ వెనక డోర్ రాదు, పిల్లరు చేయాల్సిన పని వెనక డోర్ లోపల దాచిన బలమైన కమ్మీ చేస్తుంది. గాలికి తెరుచుకునే ప్రమాదం దాదాపు లేదు, కానీ వెనక కూర్చున్నవాళ్లు తమంతట తాము దిగలేరు. పిల్లలున్న ఇంటికి నేనైతే చెప్పను.

తమ్ముడికి ఇది చదివి వినిపించండి. ఎస్‌యూవీ వెనక డోర్ వెనక అంచు చూడమనండి. కిందిసగం చక్రం వంపు కోసం లోపలికి కోసేసి ఉంటుంది. రెండు బందులు ఒకే గీత మీద ఎడంగా పెట్టడానికి అక్కడ చోటే లేదు. మూడేళ్ల క్రితం ఎవరో వేరే ఊరి షెడ్డులో అలా మార్పించిన బండి నా దగ్గరికి వచ్చింది. పెళ్లి ఊరేగింపులకి అద్దెకిచ్చే బండి. ఏడాదిలోపే రెండు డోర్లూ ఆరు మిల్లీమీటర్లు వాలిపోయాయి, భుజంతో పైకెత్తి తోస్తేగానీ లాక్ పడట్లేదు. చైల్డ్ లాక్ పీకేశారు, సెంట్రల్ లాకింగ్ వైరు కత్తిరించి టేపు చుట్టారు. అంటే పెళ్లికూతురు కూర్చునే డోర్ పోతుండగా తెరవకుండా ఆపేది ఏదీ మిగల్లేదు. పాత డోర్లు వెతికి, పిల్లర్లు మళ్లీ కట్టి మామూలుగా చేసేసరికి మూడు వారాలు పట్టింది. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది అలాంటి మార్పులనే.

అమ్మగారి సంగతి ఒకటి మిగిలింది. మీ కారులో వెనక బందులు ముందు డోర్లకి మాత్రమేనండి, వెనక డోర్లు ఇప్పటి కార్లలాగే ముందు బందులవి. నేను చెప్పిన పనులన్నీ అయ్యాక ఆవిడని వెనక సీట్లో ఎడమవైపు కూర్చోబెట్టి, నడుముకి బెల్టు కట్టి, ఆ డోర్ ఆవిడ చేతే ఒకసారి తీయించి వేయించండి. ముందు సీట్లో మీ తమ్ముణ్ని కూర్చోబెట్టండి, గడియ వేసే పని అతనికి అప్పగించండి. లాక్ విప్పాక నాలుకని దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెడితే, మార్చాలో అక్కర్లేదో చూసి చెబుతాను.